మాస్టారి పాఠం ఎందరు చూశారు?

మీ లెక్కల మాస్టారు భిన్నాల భాగహారం మీద పన్నెండు నిముషాల పాఠం చెప్పి, దాన్ని ఫోనుతో వీడియో తీసి యూట్యూబులో పెట్టారనుకోండి. "ఆదివారం రాత్రిలోగా అందరూ చూడండి" అన్నారు. మీ తరగతిలో ఉన్నది 40 మంది. ఆదివారం రాత్రి మాస్టారు ఫోను తెరిచి చూస్తే వీడియో కింద 120 అనే అంకె కనిపించింది. ఆయనకు ఎంతో సంతోషం వేసింది. "ఒక్కొక్కరూ మూడేసి సార్లు చూశారన్నమాట!" అనుకున్నారు. తీరా సోమవారం పరీక్ష పెడితే సగం మంది రెండో భిన్నాన్ని తలకిందులు చెయ్యకుండానే గుణించేశారు!

ఇదేమిటి? 120 అనే అంకె అబద్ధమా? కాదు. మాస్టారు భాగహారం తప్పు చేశారా? అదీ కాదు. 120ని 40 పెట్టి భాగిస్తే మూడే వస్తుంది. మరి పొరపాటు ఎక్కడ జరిగింది? "120 ఏమిటి?" అని ఆయన అడగలేదు. సంతలో "నూట ఇరవై" అని ఎవరైనా అరిస్తే, నూట ఇరవై కాయలా, బుట్టలా, రూపాయలా అని అడుగుతాం కదా! వీడియో కింద కనిపించే అంకెను మాత్రం అడగకుండానే నమ్మేస్తాం. అసలు ఆ అంకె ఎలా పుడుతుందో చూద్దాం.

గేటు లేని హాలు

సినిమా హాలులో లెక్క తేలిక. లోపలికి వెళ్లే ప్రతి మనిషీ టిక్కెట్టు చింపించుకోవాలి. చింపిన ముక్కలు లెక్కపెడితే ఎందరు వచ్చారో తెలిసిపోతుంది.

టెలివిజను వచ్చాక చిక్కు వచ్చింది. కార్యక్రమాన్ని గాలిలోకి పంపుతారు. ఏ ఇంట్లో ఎవరు చూస్తున్నారో పంపేవాళ్లకు తెలియదు. ఇంటింటికీ వెళ్లి అడగడం కుదిరే పని కాదు. అప్పుడు మన అమ్మమ్మలు వంటింట్లో చేసే పనే శాస్త్రజ్ఞులూ చేశారు. అన్నం ఉడికిందో లేదో తెలియాలంటే గిన్నెడు అన్నమూ నలిపి చూడనక్కర లేదు, నాలుగు మెతుకులు పట్టి చూస్తే చాలు. మన దేశంలో 2015 నుంచి బార్క్ అనే సంస్థ ఈ పని చేస్తోంది. అన్ని రకాల ఊళ్లూ, అన్ని రకాల కుటుంబాలూ వచ్చేటట్టు యాభై వేలకు పైగా ఇళ్లను ఎంచుకుని అక్కడ మీటర్లు పెట్టింది. ఛానెలు వాళ్లు తమ ధ్వనిలో చెవికి వినిపించని ఒక సంకేతం కలిపి పంపుతారు. మీటరు ఆ సంకేతాన్ని పట్టుకుని, ఆ ఇంట్లో ఏ ఛానెలు పెట్టారో రాసుకుంటుంది. ఆ ఇళ్లను బట్టి దేశమంతటి లెక్కనూ అంచనా కడతారు.

ఇంటర్నెట్టులో వీడియో వచ్చేసరికి పరిస్థితి మళ్లీ మారింది. ఇక్కడ వీడియో దానంతట అది మీ ఇంటికి రాదు, మీరు అడగాలి. వీడియో మీద వేలు పెట్టగానే మీ ఫోను నుంచి యూట్యూబు కంప్యూటర్లకు "ఫలానా వీడియో పంపండి" అనే కబురు వెళుతుంది. వీడియో కూడా ఒక్కసారిగా రాదు. చిన్న చిన్న ముక్కలుగా వస్తుంది. అది ఆడుతున్నంతసేపూ ఎక్కడిదాకా ఆడిందీ మీ ఫోను తిరిగి కబురు చెబుతూనే ఉంటుంది. కనుక నాలుగు మెతుకులతో అంచనా కట్టే అవసరం లేదు. ప్రతి మెతుకూ తానే వచ్చి తన సంగతి చెబుతుంది! ఇలా వచ్చిన కబుర్లలో లెక్కకు ఎక్కినవాటినే వ్యూలు అంటున్నాం.

ఇంకేం, లెక్క తేలిపోయింది అనుకుంటున్నారా? చిక్కులన్నీ ఇక్కడే మొదలవుతాయి.

301 దగ్గర ఆగిపోయిన అంకె

యూట్యూబులో మొట్టమొదటి వీడియో 2005 ఏప్రిల్ 23న చేరింది. ఆ సంస్థ స్థాపకుల్లో ఒకడైన జావేద్ కరీం అమెరికాలో శాన్ డియాగో జంతుప్రదర్శనశాలలో ఏనుగుల ముందు నిలబడి మాట్లాడిన వీడియో అది. నిడివి 19 సెకండ్లు. ఆ తరవాత ఎవరికి తోచిన వీడియో వాళ్లు పెట్టసాగారు. వ్యూలు ఎక్కువైతే పేరు వస్తుంది, ప్రకటనల మీద డబ్బూ వస్తుంది. డబ్బు వచ్చే చోట మోసమూ వస్తుంది కదా! తన వీడియోను తానే రాత్రింబవళ్లు తెరుస్తూ ఉండే ప్రోగ్రాములను కొందరు కంప్యూటర్లకు ఎక్కించారు. మనిషి చూసేదేమీ లేదు, అంకె మాత్రం పెరుగుతుంది.

దీనికి యూట్యూబు ఒక ఉపాయం చేసింది. చిన్న అంకెలతో పెద్ద మోసం జరగదు. అందుచేత 300 దాకా వచ్చిన వ్యూలను వెంటవెంటనే చూపించేసేవారు. ఆ గీత దాటగానే అంకెను ఆపి, అసలు వ్యూలెన్నో దొంగ వ్యూలెన్నో పరీక్షించాకే మళ్లీ కదిలించేవారు. అందువల్ల ఎన్నో వీడియోలు "301" దగ్గర గంటల తరబడి నిలబడిపోయేవి. కింద వేల మంది వ్యాఖ్యలు రాస్తుంటారు, పైన వ్యూలు మాత్రం 301! చూసేవాళ్లకు అదొక పెద్ద పజిలు.

మరి 300 కాకుండా 301 ఎందుకు? ఆ ప్రోగ్రాము రాసిన మనిషి "అంకె 300 కన్నా తక్కువైనా, 300కు సమానమైనా ఇంకొకటి కలుపు" అన్నట్టు రాశాడు. అంకె సరిగ్గా 300 అయినప్పుడు కూడా ఆ షరతు నెరవేరుతుంది, మరొకటి కలుస్తుంది. అదీ కథ! "తక్కువ", "తక్కువ లేక సమానం" అనే రెండు గుర్తులకూ తేడా ఏమిటని మీ లెక్కల పుస్తకం ఎందుకు అంత పట్టుబడుతుందో ఇప్పుడు తెలిసిందా? 2015 ఆగస్టులో ఈ పద్ధతిని తీసేశారు. దొంగ వ్యూలను ఏరివెయ్యడం మాత్రం ఇప్పటికీ జరుగుతూనే ఉంది. ఒక్కొక్కసారి నిన్న కనిపించిన అంకె ఇవాళ తగ్గడానికి అదొక కారణం.

మీటరులో గళ్లు చాలకపోతే

కొన్ని మోటారు సైకిళ్ల మీటర్లలో కిలోమీటర్లకు ఐదే గళ్లు ఉండేవి. అటువంటి బండి 99,999 కిలోమీటర్లు తిరిగాక ఇంకొక్క కిలోమీటరు పోతే ఏమవుతుంది? గళ్లన్నీ సున్నాలైపోతాయి. పాతబండి కొత్తబండి అయిపోయినట్టు కనిపిస్తుంది!

కంప్యూటరు అంకెలకూ ఇటువంటి గళ్లే ఉంటాయి. ఒక్కొక్క గడిలో 0 గాని 1 గాని మాత్రమే పడుతుంది. వ్యూల లెక్కకు యూట్యూబు మొదట 32 గళ్లు కేటాయించింది. అందులో ఒక గడి ప్లస్సా మైనస్సా అన్నది చెప్పడానికి పోతుంది. మిగిలిన 31 గళ్లలో పట్టే అతి పెద్ద సంఖ్య 214 కోట్ల 74 లక్షల 83 వేల 647. మీరే చేసి చూడండి. 31 రెండ్లను వరసగా గుణించి, వచ్చిన దానిలోంచి ఒకటి తీసెయ్యండి.

ఒక వీడియోను అన్నిసార్లు ఎవరు చూస్తారులే అనుకున్నారు. 2012 జులై 15న దక్షిణ కొరియా గాయకుడు సై పాడిన "గంగ్నమ్ స్టైల్" పాట యూట్యూబులో చేరింది. ఆ ఏడాది డిసెంబరు 21 నాటికి దాని వ్యూలు 100 కోట్లు అయ్యాయి. ఏ వీడియోకైనా 100 కోట్లు రావడం అదే మొదటిసారి. 2014 డిసెంబరుకు అది 214 కోట్ల హద్దునూ దాటింది. ఇంజనీర్లు ఈ సంగతి ముందే పసిగట్టి గళ్లను 64కు పెంచారు కాబట్టి సరిపోయింది. లేకపోతే గుర్తు గడి మారిపోయి, అన్ని కోట్ల మంది మెచ్చిన పాటకు మైనస్ 214 కోట్ల వ్యూలు కనిపించేవి!

64 గళ్లలో పట్టే సంఖ్య ఎంతో తెలుసా? 9 వేసి దాని పక్కన ఇంకా 18 అంకెలు వెయ్యాలి. భూమి మీద ఉన్న 800 కోట్ల మందీ రోజుకు వందేసి సార్లు ఒకే వీడియో చూసినా ఆ మీటరు నిండడానికి 31 వేల ఏళ్లకు పైగా పడుతుంది.

వ్యూ వేరు, మనిషి వేరు

మన మాస్టారి దగ్గరికి మళ్లీ వద్దాం. ఆయన వీడియోకు 120 వ్యూలు వచ్చాయి. అంటే 120 మంది చూశారనా? కాదు. ఒకే అమ్మాయి పదిసార్లు తెరిస్తే పది వ్యూలు పడవచ్చు. ఐదుగురు స్నేహితులు ఒకే ఫోను చుట్టూ కూర్చుని పాఠమంతా విన్నారనుకోండి, పడేది ఒక్క వ్యూ. నాన్నగారి ఫోనులో సగమూ, పెద్దమ్మ గారింట్లో టీవీలో సగమూ చూసిన అబ్బాయి ఇద్దరు మనుషుల్లా కనిపించవచ్చు.

అందుచేత వ్యూలతో పాటు "వేర్వేరు వీక్షకులు ఎందరు" అనే లెక్క కూడా కావాలి. 40 మంది తరగతికైతే హాజరు పట్టీ చాలు. వచ్చినవాడి పేరు పట్టీలో ఉందా అని చూడడం, లేకపోతే రాసుకోవడం. కాని కోటి మంది చూసే వీడియోకు కోటి పేర్ల పట్టీ కావాలి. అటువంటి వీడియోలు వేలకు వేలు ఉంటే? ఇక్కడ గణిత శాస్త్రజ్ఞులు ఒక చక్కని కిటుకు కనిపెట్టారు. దాన్ని మీరు ఒక నాణెంతో ఆడుకోవచ్చు.

నాణెం ఎగరెయ్యండి. బొమ్మ పడితే మళ్లీ ఎగరెయ్యండి. బొరుసు పడగానే ఆపి, వరసగా ఎన్ని బొమ్మలు పడ్డాయో చూడండి. ఇది ఒక ఆట. ఇలా చాలా ఆటలు ఆడి, అన్నిటిలోకీ పొడవైన వరసను గుర్తుపెట్టుకోండి. మీ స్నేహితుడు వచ్చి "నాకు మొత్తం మీద పొడవైన వరస రెండు బొమ్మలు" అంటే, వాడు ఏ నాలుగైదు ఆటలో ఆడి ఉంటాడు. "వరసగా పది బొమ్మలు పడ్డాయి" అంటే? పది బొమ్మలు వరసగా పడడం సుమారు వెయ్యి ఆటల్లో ఒకసారి జరిగే సంగతి. కాబట్టి వాడు దాదాపు వెయ్యి ఆటలు ఆడి ఉంటాడని ఊహించవచ్చు. చూశారా? వాడు ఎన్ని ఆటలు ఆడాడో లెక్కపెట్టకుండానే, ఒక్క చిన్న అంకెను బట్టి అంచనా కట్టేశాం!

కంప్యూటరు ఇదే పని చేస్తుంది. ఒక్కొక్క వీక్షకుడి గుర్తునూ ఒక లెక్కల మరలో వేసి తిప్పుతుంది. అందులోంచి 0, 1ల వరస ఒకటి వస్తుంది. అది నాణెం ఎగరేసినట్టే ఉంటుంది. కాని ఒకే గుర్తును ఎన్నిసార్లు వేసినా ప్రతిసారీ అదే వరస వస్తుంది. కనుక ఒకే మనిషి వందసార్లు తెరిచినా "అన్నిటిలోకీ పొడవైన వరస" మారదు. కొత్త మనుషులు వస్తేనే అది మారే అవకాశం ఉంది. ఒక్కడి అదృష్టం వల్ల లెక్క తప్పిపోకుండా వీక్షకులను చాలా గుంపులుగా విడదీసి, గుంపుకొక వరస గుర్తుపెట్టుకుని, వాటికి సగటు లాంటిది కడతారు.

ఫ్రాన్సు దేశపు గణిత శాస్త్రజ్ఞుడు ఫిలిప్ ఫ్లాజొలే, నైజెల్ మార్టిన్‌తో కలిసి 1985లో ఈ పద్ధతికి పునాది వేశాడు. 2007లో ఫ్లాజొలే బృందం దాన్ని ఎంతో మెరుగుపరిచింది. ఒక పేజీలో పట్టే అక్షరాలంత జ్ఞాపకశక్తితో వంద కోట్లకు మించిన లెక్కను కూడా నూటికి రెండు వంతుల తేడాలో చెప్పవచ్చని చూపించింది. గూగుల్ ఇంజనీర్లు దీనికి తాము పెట్టిన మెరుగులను 2013లో ప్రచురించారు. కోటి పేర్లకు బదులు ఒక్క పేజీ. ఆశ్చర్యంగా లేదూ!

ఎంతసేపు చూస్తే చూసినట్టు?

ఇప్పుడు అన్నిటికన్నా కష్టమైన ప్రశ్నకు వద్దాం. వీడియో తెరిచి, రెండు సెకండ్లు చూసి, "అబ్బే" అని మూసేస్తే అది చూసినట్టా, కాదా?

దీనికి ఒక్కొక్క చోట ఒక్కొక్క జవాబు ఉంది. 2016 నాటికి ఫేస్‌బుక్కు మూడు సెకండ్లు ఆడితే ఒక వ్యూ అని లెక్క వేసేది. యూట్యూబులో దాటెయ్యడానికి వీలున్న ప్రకటనకు సాధారణంగా 30 సెకండ్లు, ప్రకటన అంతకన్నా చిన్నదైతే పూర్తిగా చూడాలనే నియమం వచ్చింది. యూట్యూబు "షార్ట్స్" అనే పొట్టి వీడియోలకు 2025 మార్చి 31 నుంచి ఆడడం మొదలైతే చాలు, వ్యూ పడుతుంది. మళ్లీ ఆడితే మళ్లీ పడుతుంది. కనుక ఆ తేదీకి ముందూ తరవాతా వచ్చిన పొట్టి వీడియోల వ్యూలను పక్కపక్కన పెట్టి పోల్చకూడదు. ఒకరి దగ్గర పది మానికల బియ్యం, మరొకరి దగ్గర నాలుగు కుంచాల బియ్యం ఉన్నాయనుకోండి. పది పెద్దదా, నాలుగు పెద్దదా? నాలుగు మానికలైతే ఒక కుంచం. కనుక నాలుగు కుంచాల వారి దగ్గర పదహారు మానికలున్నాయి! కొలపాత్ర పేరు చెప్పకుండా అంకె ఒక్కటే చెబితే అర్థం లేదు.

కొలపాత్రలు కలిసిపోతే ఎంత పొరపాటు జరుగుతుందో 2016 సెప్టెంబరులో లోకానికి తెలిసింది. సగటున ఒక్కొక్కరు వీడియోను ఎంతసేపు చూశారన్నది తాను తప్పుగా లెక్కగట్టినట్టు ఫేస్‌బుక్కు ఒప్పుకుంది. తప్పు ఏమిటో ఒక చిన్న లెక్కతో చూద్దాం. పదిమంది ఒక వీడియో తెరిచారు. ఆరుగురు రెండేసి సెకండ్లకే మూసేశారు. నలుగురు 57 సెకండ్ల చొప్పున చూశారు. మొత్తం కాలం 12 + 228 = 240 సెకండ్లు. పదిమందికీ పంచితే సగటు 24 సెకండ్లు. కాని మూడు సెకండ్లు దాటినవాళ్లే లెక్కలోని వాళ్లని, 240ని నాలుగుతో భాగిస్తే? సగటు 60 సెకండ్లు అవుతుంది! పైన అందరి కాలమూ ఉంది, కింద కొందరు మనుషులే ఉన్నారు. ఫేస్‌బుక్కులో ఈ పొరపాటు సుమారు రెండేళ్లు సాగింది. ఆ సగటును చూసి ప్రకటనలు ఎక్కడ ఇవ్వాలో నిర్ణయించుకున్న వ్యాపార సంస్థలు గొల్లుమన్నాయి. భిన్నంలో హారం ఏమిటో చూడకపోవడం ఎంత ఖరీదైన తప్పో చూడండి.

యూట్యూబు కూడా మొదట్లో వ్యూలనే ఎక్కువగా చూసుకునేది. దానితో కొందరు లోపల లేని వింతను పైన బొమ్మలో పెట్టి జనం చేత తెరిపించేవారు. తెరిచినవాళ్లు మోసపోయామని మూసేసినా వ్యూ పడిపోయేది. 2012లో యూట్యూబు పద్ధతి మార్చుకుంది. ఎవరికి ఏ వీడియో చూపాలో నిర్ణయించేటప్పుడు, ఎన్నిసార్లు తెరిచారన్న దానికన్నా ఎంతసేపు చూశారన్న దానికి ఎక్కువ విలువ ఇవ్వడం మొదలుపెట్టింది.

మాస్టారికి కావలసిన అంకె

పరీక్ష కాగితాలు దిద్దాక మాస్టారు మళ్లీ ఫోను తీసి, ఈసారి వీడియో పెట్టినవాళ్లకు మాత్రమే కనిపించే లెక్కల పేజీ తెరిచారు. మొత్తం చూసిన కాలం 360 నిముషాలు. 120 వ్యూలకు పంచితే సగటు మూడే నిముషాలు. పాఠమేమో పన్నెండు నిముషాలు! చివరిదాకా ఆడినవి 20 మాత్రమే. అంటే 240 నిముషాలు వాటికే పోయాయి. మిగిలిన 100 వ్యూలకూ కలిపి 120 నిముషాలే.

ఆ పేజీలో ఒక గీత కూడా ఉంది. వీడియోలో ఏ క్షణాన ఎంత భాగం వీక్షకులు ఉన్నారో ఆ గీత చూపిస్తుంది. మొదట ఎత్తులో ఉండి, జనం వెళ్లిపోతున్న కొద్దీ కిందికి జారుతుంది. మాస్టారి గీత కూడా అలాగే జారింది. కాని ఏడో నిముషం దగ్గర చిన్న గుట్టలా పైకి లేచింది. ఎందుకు? అక్కడే ఆయన "రెండో భిన్నాన్ని తలకిందులు చేసి గుణించాలి" అని చెప్పారు. ఎందుకు తలకిందులు చెయ్యాలో మాత్రం చెప్పకుండా ముందుకు వెళ్లిపోయారు. అర్థం కానివాళ్లు వెనక్కి తిప్పి తిప్పి అదే ముక్క విన్నారు. మర్నాడు మళ్లీ తెరిచి నేరుగా అక్కడికే దూకినవాళ్లూ ఉన్నారు. ఆ 100 చిన్న వ్యూలలో కొన్ని అలా వచ్చినవే!

120 అనే అంకె మాస్టారిని మురిపించింది, కాని ఆయనకు ఏమీ చెప్పలేదు. ఏడో నిముషం గుట్ట పాఠంలో లోపం ఎక్కడుందో వేలుపెట్టి చూపించింది. ఆయినా అది కూడా అంతా చెప్పలేదు. వెనక్కి తిప్పినవాళ్లు నచ్చి తిప్పారో, అర్థంకాక తిప్పారో గీతకు తెలియదు. అది పిల్లల్నే అడగాలి.

కాబట్టి ఈసారి ఒక వీడియో కింద పది లక్షలు అని కనిపిస్తే, "ఇంతమంది చూశారు కాబట్టి ఇందులో చెప్పింది నిజమే" అనుకోకండి. నవ్వుకోవడానికి తెరిచినవాళ్లూ, నిజమో కాదో చూద్దామని తెరిచినవాళ్లూ, పొరపాటున వేలు తగిలినవాళ్లూ అందరూ ఆ అంకెలో ఉంటారు. వ్యూలు పెరిగినంత మాత్రాన అబద్ధం నిజం కాదు. అలాగే, మీరు తీసిన వీడియోకు 40 వ్యూలే వచ్చాయని దిగులు పడకండి. ఆ 40 మందినీ తెచ్చి ఎదురుగా కూర్చోబెడితే మీ తరగతి గది నిండిపోతుంది!

మంగళవారం మాస్టారు ఫోను ఇంట్లో పెట్టి, తరగతికి నాలుగు రొట్టెలు తెచ్చారు. "ఒక్కొక్కరికి అర రొట్టె ఇస్తే ఎంతమందికి వస్తుంది?" అని అడిగారు. "ఎనిమిదిమందికి!" అని తరగతంతా అరిచింది. "నాలుగును అరతో భాగించాం, నాలుగును రెండుతో గుణించినట్టయింది. ఎందుకో చెప్పండి చూద్దాం" అన్నారు. మీరూ చెప్పండి చూద్దాం.